సీసా మూతలే సబ్‌మెరైన్లు!

గల్ఫ్‌లో సెలవు రోజంటే మనోళ్లకు బట్టలుతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం, మిగతా పొద్దంతా పేకాట. పైసలు పెట్టి ఆడితే జీతంలో కొంత అక్కడే కరిగిపోతుంది. అందుకే షార్జాలోని మా గదిలో ఆరుగురం వేరే ఆట పట్టుకున్నాం. నేల మీద నీలం దుప్పటి పరిస్తే సముద్రం. దాని మీద వేలెడంత బొమ్మ నౌకలు. పాచికలు వేసి యుద్ధం!

ఇది నిన్నమొన్నటి ఆట కాదు. ఇంగ్లండ్‌లో ఫ్రెడ్ టి. జేన్ 1898లోనే నౌకాయుద్ధ ఆటను అచ్చు వేయించారు. 1942లో లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నేవీ అధికారి గది నేలనే అట్లాంటిక్ సముద్రంగా మార్చి, సబ్‌మెరైన్లను వేటాడటం నేర్పారు. శత్రువు దారిని ఆకుపచ్చ సుద్దతో గీసేవారు. తెర కన్నంలోంచి చూసేవాళ్లకు అది కనబడేది కాదు.

ఆటలో తగవు వచ్చేది లెక్క దగ్గరే. ఏ ఓడకు దెబ్బ తగిలింది, ఏది మండుతోంది అన్నది కళ్ల ముందుండాలి. లేదంటే మాటామాటా పెరుగుతుంది. దానికే ఈ బిళ్లలు. ఊళ్లో పులి-మేకకు చింతగింజలు పెట్టుకున్నట్టే. సామానంతా మన చేతిలోదే.

నీటి చిమ్ము: గురి తప్పిన గుండు నీళ్లలో పడ్డ గుర్తు. సూపర్‌వైజర్‌నడిగి ట్యూబులో మిగిలిన సిలికాన్ తెచ్చుకోండి. ప్లాస్టిక్ కవరు మీద బొట్టు పెట్టి, అగ్గిపుల్లతో పైకి లాగితే మొన తేలుతుంది. ఒకట్రెండు రోజులు ఆరనిచ్చి ఊడదీయాలి. సిలికాన్‌కు రంగు అంటదు, కాబట్టి తెల్ల సిలికానే వాడండి. వాసన ఘాటు, కిటికీ తెరవాలి.

పొగ, మంట: దూదిని నల్లరంగు నీళ్లలో ముంచి పిండి ఆరబెట్టి, ఇనుప వాషర్‌కు అంటించాలి. అడుగున కాస్త ఎరుపు పూస్తే మంట. వాషర్ బరువుకు ఫ్యాను గాలికి ఎగరదు.

టార్పెడో: సన్నటి అట్టముక్క మీద అగ్గిపుల్ల అంటించి, వెనక తెల్లగీత గీస్తే చాలు.

సబ్‌మెరైన్: ఒకే రకం సీసా మూతలు ఆరు. ఒకదాని లోపల ‘స’ అని రాసి, అన్నీ బోర్లించాలి. మిగతా ఐదూ బూటకమే. మూతలకు సొట్టలుంటే గుట్టు రట్టే.

గదిలో లైటు మసకే కదా, రంగుతో పాటు ఆకారం కూడా వేరుగా చేయండి.

మాలో ఒకాయన రెండేళ్లకు ఇంటికి పోతే, ఎనిమిదేళ్ల కొడుకు తలుపు చాటున దాక్కున్నాడట. ఫోన్‌లో రోజూ మాట్లాడే నాన్నే అయినా, ఎదురుగా చూస్తే కొత్తమనిషే మరి. మూడో రోజు ఆయన మిఠాయి డబ్బాలోంచి ఈ బిళ్లలు తీసి నేల మీద పరిచాడు. “ఏ మూత కింద ఉంది నాన్నా?” అంటూ పిల్లాడే వచ్చి పక్కన కూచున్నాడట. తర్వాత ఇద్దరూ విశాఖ పోయి, బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న అసలు సబ్‌మెరైన్ కురుసురను చూసొచ్చారు.

ఊరికి పోయేటప్పుడు సామానులో ఇంత చోటుంచండి. పావుకిలో కూడా తూగదు.