మారింది మనిషా... మెదడా?

1848 సెప్టెంబరు 13. అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం కోసం బండలు పేలుస్తున్నారు. మందు కూరుతుంటే పేలిపోయి, ఆరు కిలోల ఇనుప కడ్డీ మేస్త్రీ ఫినియాస్ గేజ్ ఎడమ చెంప కింద దూరి, మాడులోంచి బయటికొచ్చేసింది. అయినా బతికాడు! మాట్లాడాడు, నడిచాడు. కానీ నెమ్మదస్తుడు కాస్తా నోటికి అదుపులేనివాడయ్యాడు. కోపానికి కళ్లెం వేసే ఫ్రంటల్ లోబ్ దెబ్బతింది మరి!

ఎడమవైపు అదే లోబ్‌లో ఇంకోచోట దెబ్బతగిలితే మాటే పోతుంది. పక్షవాతం వచ్చాక మా పెదనాన్నకి అన్నీ అర్థమయ్యేవి, చెప్పబోతే మాత్రం 'అదే... అదే' అని ఆగిపోయేవాడు. చూడ్డానికొచ్చినవాళ్లు 'పాపం, మతి తప్పింది' అని ఆయన ముందే అనేవారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి. 1861లో ప్యారిస్ డాక్టర్ బ్రోకా దగ్గరికొచ్చిన రోగి కూడా ఏమడిగినా 'టాన్' అనే అనేవాడట. చనిపోయాక మెదడు చూస్తే గాయం అక్కడే ఉంది.

ఇక హెన్రీ మోలైసన్. మూర్ఛ తగ్గాలని 1953లో రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో చాలాభాగం తీసేశారు. పాతవి గుర్తున్నాయి, కొత్తవి నిలవలేదు. రోజూ చూసే డాక్టర్ కూడా కొత్తమనిషే!

అయితే గేజ్ తర్వాత చిలీలో ఏళ్లతరబడి గుర్రపుబండి తోలాడు. అంటే, కొంత కోలుకున్నట్టే. అందుకే బైక్ మీంచి పడ్డ ఫ్రెండ్ ఉన్నట్టుండి చిరాకుపడుతుంటే 'పొగరు' అనెయ్యకండి. న్యూరాలజిస్ట్‌కి చూపించండి. పెదనాన్నలాంటివాళ్లకి స్పీచ్ థెరపీ ఉంది. మాట వెతుక్కుంటుంటే కాస్త ఆగండి, చాలు.