తిరిగి తిరిగి వచ్చే జ్వరం

జ్వరం ఒక రోగం కాదు. లోపల ఏదో రోగమున్నదని శరీరం చెప్పే కబురు. ఈ సంగతి మరచి మనము ఇంజెక్షను వేయించుకుంటాము. నాలుగు రోజులు తగ్గగానే పొలానికి వెళ్తాము. పది రోజులు తిరగకముందే మరల మంచమెక్కుతాము. ఇలా నెలలు గడుస్తాయి, అప్పు పెరుగుతుంది, కారణం మాత్రం తెలియదు.

101 డిగ్రీలు దాటిన జ్వరం మూడు వారాలకు మించి వస్తూ పోతూ, ఆసుపత్రిలో వారం రోజులు పరీక్షించినా కారణం దొరకకపోతే దానిని 'కారణం తెలియని జ్వరం' అనాలని 1961లో వైద్యులు నిర్ణయించారు. అయితే వీటిలో చాలావరకు తెలిసిన రోగాలే దాగి ఉంటాయి. మన దేశంలో ముఖ్యమైనది క్షయ. అది ఊపిరితిత్తులలోనే గాక వెన్నెముకలో, కడుపులో, గ్రంథులలో కూడా ఉండవచ్చు. ఒక రకం మలేరియా కాలేయంలో నిద్రించి, నెలల తరువాత తిరిగి లేస్తుంది. కీళ్లవాతపు జబ్బులు, కొన్ని క్యాన్సర్లు కూడా జ్వరంగానే బయటపడతాయి.

పశువులున్న ఇండ్లవారు మరొక రోగాన్ని తెలుసుకోవాలి. మాల్టా ద్వీపంలో బ్రిటిషు సైనికులు ఇట్టి జ్వరంతో ఏండ్ల తరబడి బాధపడ్డారు. 1887లో డేవిడ్ బ్రూస్ అను వైద్యుడు దాని క్రిమిని కనుగొన్నాడు. కాని అది ఎక్కడనుండి వస్తుందో తెలియలేదు. 1905లో జమ్మిట్ అను మాల్టా వైద్యుడు మేకలను పరీక్షించగా, ఆరోగ్యంగా కనిపించే మేకలలోనే ఆ క్రిమి ఉన్నది! మరుసటి సంవత్సరం సైనికులకు మేకపాలు మాన్పించగానే జ్వరాలు బాగా తగ్గిపోయాయి. అదే బ్రూసెల్లోసిస్. ఆవులు, గేదెల వలన కూడా వస్తుంది. సాయంకాలం జ్వరం, విపరీతమైన చెమట, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు దాని గురుతులు.

గనుక వైద్యుని యొద్దకు వెళ్లినప్పుడు అన్నీ చెప్పండి. పచ్చిపాలు త్రాగారా? చూడి గేదె నెలలు నిండకముందే ఈసుకుపోయిందా? మాయను వట్టి చేతులతో తీశారా? ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నదా? ఉదయం, సాయంత్రం జ్వరం చూసి కాగితం మీద వ్రాయండి. ఇదివరకు వాడిన మందుల చీటీలన్నీ తీసుకువెళ్లండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం తీసి కల్చర్ పరీక్ష చేస్తే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ.

పాలు కాచి త్రాగండి. నాలుగు నుండి ఎనిమిది నెలల పెయ్యదూడలకు టీకా వేయించండి. బ్రూసెల్లోసిస్ అని తేలితే కనీసం ఆరు వారాలు మందులు వాడాలి. ఒళ్లు తేలికైనదని నడుమ మానివేస్తే ఆ జ్వరం మరల వస్తుంది.