తోటివారు, తెరలు, చదువు

టొరంటోకు తూర్పున, ఓంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఏజాక్స్ 1941లో ఫిరంగి గుండ్ల కర్మాగారం చుట్టూ వెలసిన పట్టణము. 2021 జనాభా లెక్కల నాటికి ఇక్కడి జనసంఖ్య సుమారు 1,27,000. ఈ పట్టణంలో అనేకమంది తల్లిదండ్రులు ఉదయమే గో రైలెక్కి టొరంటో వెళ్ళి, పొద్దుపోయాక ఇల్లు చేరుతారు. బడి విడిచిన వేళకూ వారు తిరిగివచ్చే వేళకూ నడుమ ఉన్నత పాఠశాల పిల్లలకు తోడు మిత్రులు, చేతిలోని ఫోను. ఈ రెండూ చదువుపై చూపే ప్రభావమెట్టిది?

కౌమారంలో మెప్పుకు, ఆనందానికి స్పందించే మెదడు భాగాలు మిక్కిలి చురుకుగా ఉంటాయి. నిగ్రహాన్ని, ముందుచూపును నడిపే ముందరి భాగము ఇరవై ఏళ్ళు దాటినగాని పూర్తిగా పరిణతి చెందదు. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అను పరిశోధకులు 2005లో ప్రకటించిన ప్రయోగంలో, కారు నడిపే ఆటలో 13-16 ఏళ్ళవారు ఒంటరిగా ఉన్నప్పటికంటె మిత్రుల సమక్షంలో హెచ్చు సాహసం చేశారు. పెద్దలలో ఈ భేదం కానరాలేదు.

అయితే తోటివారి ప్రభావం చెడుకే పరిమితం కాదు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో విద్యార్థులకు గదులను యాదృచ్ఛికంగా కేటాయించేవారు. ఒకే గదిలో ఉన్నవారి మార్కులు ఒకరివి మరొకరిపై ప్రభావం చూపినట్లు శాసర్డోట్ 2001లో నిరూపించారు. సాంగత్యం విలువను మన పెద్దలు ఊరక చెప్పలేదు.

పూర్వం ఈ సాంగత్యం బడి గేటుతో ముగిసేది. నేడది ఫోను ద్వారా పడకగది వరకు వస్తున్నది. 2016లో ప్రకటితమైన ఒక ప్రయోగంలో, ఎక్కువ 'లైకులు' ఉన్న చిత్రాలను చూసినపుడు కౌమారవయస్కుల మెదడులోని ప్రతిఫల కేంద్రం ఎక్కువగా స్పందించింది. ఈ మెప్పుకై రాత్రి మేలుకొన్నవారు నిద్రను కోల్పోతారు. 13-18 ఏళ్ళవారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యుల సిఫారసు. పగలు నేర్చినది జ్ఞాపకంలో స్థిరపడుటకు నిద్ర తోడ్పడుతుంది గనుక, ఈ నష్టం మరునాటి పాఠంలో బయటపడుతుంది.

2022లో జరిగిన పీసా అంతర్జాతీయ పరీక్షలో, తోటివారి పరికరాల వల్ల గణిత తరగతిలో ధ్యాస చెదురుతున్నదన్న విద్యార్థులకు సగటున 15 పాయింట్లు తక్కువ వచ్చాయి. కుటుంబ ఆర్థిక స్థితిగతులను లెక్కలోనికి తీసుకొన్న పిదప కూడా ఈ భేదం నిలిచింది. ఇది సంబంధమే గాని, కారణమునకు పూర్తి రుజువు కాదు. కాని పొరుగు బల్లపైని ఫోను సైతం అలక్ష్యం చేయదగినది కాదని ఇది సూచిస్తున్నది. ఓంటారియో ప్రభుత్వం 2024 సెప్టెంబరు నుండి 7-12 తరగతులలో, ఉపాధ్యాయుని అనుమతి లేనిదే పాఠం వేళ ఫోను వాడరాదని నిబంధనను కఠినం చేసింది.

నిబంధన తరగతి గది వరకే. ఇక్కడ విశ్వవిద్యాలయ ప్రవేశం ప్రధానంగా పన్నెండవ తరగతి మార్కులపై ఆధారపడుతుంది గనుక, ఇంటి సాయంత్రాలు కూడా విలువైనవే. రాత్రి ఫోనులను, పెద్దలవి సహా, పడకగది వెలుపల ఉంచుట మొదటి మెట్టు. మిత్రులను దూరం చేయుటకు మారుగా వారిని ఇంటికి పిలిచి, కలసి చదువుకొనే అవకాశం కల్పించుట రెండవది. తోటివారి బలం తొలగించదగినది కాదు. సరియైన దారికి మళ్ళించదగినది.