చాప క్రింది తీగ



ఈ నెల నేను వ్రాస్తున్న సంగతి చూసి కొందరు నవ్వుకోవచ్చు. పాస్టరుగారు వాక్యము చెప్పడం మాని వైర్ల గురించి చెప్పడమేమిటని అనుకోవచ్చు. అయినను మన ఇళ్లలో జరిగే ప్రార్థన కూటములకు ఇది ఎంత సంబంధించినదో నాకు బాధపడితే గాని తెలియలేదు గనుక వ్రాస్తున్నాను.

కోనసీమలో మా సంఘమునకు చెందిన ఒక కుటుంబము ఉన్నది. పెద్ద కుమారుడు కువైట్‌లో పని చేస్తున్నాడు. సెలవుకు వచ్చినప్పుడు ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు కొని ముందు గదిలో పెట్టించాడు. పాటలు వినడానికే గాక, శుక్రవారపు గృహ కూటమునకు పనికి వస్తాయని అతని ఆశ. పాత పెంకుటిల్లు, గది పొడవు 20 అడుగులు. ఆంప్లిఫయరు టీవీ బల్లమీద ఈ చివర, ఒక పెట్టె దాని ప్రక్కన. రెండవ పెట్టె ఆ చివరి గోడకు పెట్టాలి, వసారాలో కూర్చునేవారికి కూడ వినబడాలి గదా! ఈ చివరినుండి ఆ చివరికి తీగ ఎలా వెళ్లాలి?

ఆ రోజు తీగ పరచినది నేనే. గది మధ్యగా, నేలమీద, తిన్నగా పరిచాను. ఇల్లాలు చూసి, "అలా కనబడితే బాగోదండి అయ్యగారూ" అని దానిమీద చాప వేసింది. నిజం చెప్పాలంటే నాకు కూడ బాగానే ఉందనిపించింది. తీగ కనబడడం లేదు, గది శుభ్రముగా ఉంది.

కూటము ముగిసి అందరు లేస్తున్నారు. డెబ్బై ఏళ్లు దాటిన ఒక విధవరాలు, మేమందరము మామ్మగారూ అని పిలిచే తల్లి, గుమ్మము వైపు వస్తుండగా తీగ ఎత్తిన చాప మడత కాలికి తగిలింది. పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, ఆ తరువాత మూడు నెలలు మంచము. ఆమెను చూసుకొనేది కూలికి వెళ్లే కోడలు. ఆ మూడు నెలలు ఆ కోడలు పనికి వెళ్లలేదు. సంఘములో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. చూడబోతే మామ్మగారే, "నా కళ్లు మసకలు బాబూ, వైరుదేముంది" అన్నది. ఆమె అలా అన్నందుకు నాకు మరింత బాధ కలిగింది.

క్రొత్త ఇల్లు కట్టువారు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని, లేక ఎవరైనా పడితే ఆ దోషము ఇంటివారిదే అని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది. ఆ దేశములో మిద్దెమీద కూర్చునేవారు, పడుకునేవారు గనుక ఆ ఆజ్ఞ అవసరమైనది. దానిమీద నేను రెండుసార్లు ప్రసంగించి ఉంటాను. పెంకుటింట్లో చాప పరచిన నేలకు అది వర్తిస్తుందని మాత్రం నాకు తోచలేదు.

మా సంఘములోనే కరెంటు పని తెలిసిన ఒక తమ్ముడు ఉన్నాడు. అతనిని తీసుకొని మరల ఆ ఇంటికి వెళ్లాను. ఖర్చు తామే పెట్టుకుంటామని ఇంటివారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ తమ్ముడు గది అంతా చూసి, "కనబడకుండా చేయడం తరువాత సంగతండి అయ్యగారూ, ముందు కాలు పడే చోట ఉండకూడదు" అన్నాడు. నేను చేసిన తప్పంతా ఆ మాటలో ఉంది. చాప క్రింద పెట్టినప్పుడు తీగ కంటికి చాటైంది గాని కాలికి కాలేదు. కనబడే తీగనైతే మామ్మగారు ఆ మసక కళ్లతోనే దాటి ఉండేదేమో! పైగా చాప క్రింది తీగను రోజూ త్రొక్కుతాము. పైతొడుగు నలిగి, లోపలి రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే ఆంప్లిఫయరే పాడైపోవచ్చు.

ముందుగా పురికొసతో దారి కొలిచాము. ఆంప్లిఫయరు దగ్గరనుండి గోడమీదుగా పైకి ఎక్కి, మూల తిరిగి, ద్వారబంధము పైనుండి పోయి, మరల మూల తిరిగి, రెండవ పెట్టె వద్ద క్రిందికి దిగాలి. నేలమీద 20 అడుగులైనది గోడమీద 39 అడుగులైంది, అంటే సుమారు 12 మీటర్లు. గడప మీదుగా వేస్తే చాలా కలిసి వస్తుందని ఇంటాయన అన్నాడు. అదే వద్దన్నాము. గడప దగ్గర తడబడని వృద్ధులు ఎవరు?

దూరము పెరిగితే తీగ లావు కూడ పెరగాలి. ఇది నాకు క్రొత్త సంగతి. తీగ పోవడానికి 12 మీటర్లు, రావడానికి 12 మీటర్లు, వెరసి 24 మీటర్ల రాగి. మునుపటి సన్న తీగ అర చదరపు మిల్లీమీటరుది. అంత దూరానికి దాని నిరోధము సుమారు 0.8 ఓములు అవుతుంది. స్పీకరు 8 ఓములది గనుక అందులో పదోవంతు తీగలోనే అన్నమాట. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే అది పావు ఓముకు కాస్త ఎక్కువ, అంతే. దుకాణములో ఒక జాగ్రత్త. పైకి రాగిలాగే కనబడుతూ లోపల అల్యూమినియము ఉన్న తీగలు చవకగా అమ్ముతున్నారు. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అంత లావులో అది రాగిలా మోయలేదు.

గోడకు ప్లాస్టిక్ పట్టీ వేశాము. దానిని కేసింగు అంటారు. అడుగు భాగమును గోడకు బిగించి, తీగ అందులో పెట్టి, పైన మూత నొక్కితే సరిపోతుంది. సున్నపు గోడ తెల్లనిది, పట్టీ తెల్లనిది. ద్వారబంధము మీదుగా పోయేచోట వెదికితే గాని కనబడదు. కాని పాత మట్టి అడుసు గోడకు మరమేకు నిలవలేదు, రెండుసార్లు ఊడి వచ్చింది. చివరకు రంధ్రము పెద్దదిగా చేసి అందులో చెక్క ముక్క దిగగొట్టి, ఆ చెక్కకు మేకు బిగించాడు. మూలలవద్ద తీగను మడత పెట్టి విరచకుండా, పట్టీనే హాక్‌సా రంపముతో ఏటవాలుగా కోసి కలిపాడు. మధ్యలో ఎక్కడా అతుకు లేదు. స్పీకరు వెనుక మూరెడు తీగ చుట్టి వదిలాము, ఊడ్చేటప్పుడు పెట్టె జరపాలి గదా. ఆ ఇంట్లో ధాన్యపు బస్తాలు ఉంటాయి, బస్తాలున్నచోట ఎలుకలు ఉంటాయి. అందుచేత పట్టీ రెండు కొసలను ఎమ్‌సీల్‌తో మూసివేశాడు.

ఇంటివారు ఒక మాట అడిగారు. గోడమీద కరెంటు తీగలకు చెక్క పట్టీ ముందే ఉంది గదా, అందులోనే ఇదికూడ దూర్చకూడదా అని. ఇది మాత్రం ఎవరూ చేయవద్దు. ఇంటి కరెంటు 230 వోల్టులు. ఆ తీగ పైతొడుగు ఎక్కడైనా పగిలి స్పీకరు తీగకు తగిలితే, స్పీకరు పెట్టెను సర్దబోయిన పిల్లవాడి చేతికి ఆ కరెంటు వస్తుంది. మేము జానెడు ఎడముగా వేశాము. ఒకచోట తప్పనిసరిగా దాటవలసి వచ్చింది. అక్కడ ప్రక్కప్రక్కగా పోనీయక అడ్డముగా దాటించాము. మైకు తీగ విషయములో ఇది మరీ ముఖ్యము. కరెంటు తీగ ప్రక్కనే సాగితే స్పీకరులో "గుం" మని మ్రోగుతూనే ఉంటుంది, ఎంత మంచి ప్రసంగమైనా దాని క్రింద పడిపోతుంది.

సంఘపు ఆంప్లిఫయరును ఇంటికి తీసుకువెళ్లే సేవకులకు మరొక మాట. అటువంటి వాటికి వెనుక 4, 8, 16 ఓములని కొన్ని కొసలు, 100 వోల్టులని మరొకటి ఉంటాయి. ఆ చివరిది గుడి బయట దూరముగా కట్టే హారన్లకోసము. దానికి వేసిన తీగ బయటపడి ఉంటే ముట్టుకున్నవారికి షాకు కొడుతుంది. పిల్లలున్న గదిలో దాని జోలికి పోవద్దు.

మూత నొక్కేశాక పాట పెడితే, గొంతు పలచగా వచ్చింది, డోలకు దరువు ఎక్కడికో పోయింది. ఒక పెట్టెకు ఎరుపు, నలుపు తారుమారయ్యాయి. ఒక స్పీకరు ముందుకు నెట్టేటప్పుడు రెండవది వెనుకకు లాగుతుంటే మంద్రస్వరము తగ్గిపోతుంది. తీగను ఆంప్లిఫయరునుండి ఊడదీసి, ఒకటిన్నర వోల్టుల టార్చి బ్యాటరీని దాని కొసలకు క్షణకాలము తాకించి చూశాము. అట్టగరాటు ముందుకు ఉబికినప్పుడు బ్యాటరీ ప్లస్సు ఏ కొసకు తగిలిందో అదే ఎరుపు. కొసలు మార్చి బిగించాము, పట్టీ విప్పనక్కర లేకపోయింది. మీరు మాత్రం మూత వేయకముందే పాట పెట్టి వినండి.

ఇల్లు క్రొత్తగా కట్టుకునేవారికి ఈ బాధ లేదు. గోడ పూత వేయకముందే కరెంటు పైపుకు వేరుగా 25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపు ఒకటి గోడలో పెట్టించి, అందులో నైలాను త్రాడు వదిలితే చాలు. ఎప్పుడు కావాలన్నా ఆ త్రాడుకు తీగ కట్టి లాగవచ్చు. పూత అయిపోయిన తరువాత అడిగితే మేస్త్రీ గోడను చెక్కవలసినదే. ఇక తీగ లేని బ్లూటూత్ పెట్టెలు వచ్చాయి గదా అంటారు. వచ్చాయి, చిన్న గదికి బాగానే ఉంటాయి. మా సంఘములో ఒకరింట మోకాళ్లమీద ఉండగా అది ఛార్జింగు అయిపోయింది. అప్పుడు ఛార్జరు తీగను లాగి పెట్టుకున్నారు, గది మధ్యగానే.

ఒక్క పూట కూటమునకు పట్టీలు వేయలేము. అప్పుడు మనుషులు నడవని గోడవారగా తీగ వేయండి. దారి తప్పకపోతే వెడల్పాటి గుడ్డ టేపుతో ఈ కొసనుండి ఆ కొసదాకా నేలకు అంటించండి. దానిమీద చాప మాత్రం వేయవద్దు, అది కనబడనివ్వండి. ఆమెన్ చెప్పగానే ముందు తీగ చుట్టి, తరువాత కాఫీకి లేవండి.

మామ్మగారు నాలుగవ నెలలో ఊతకర్ర పట్టుకొని ఆ ఇంటి కూటమునకు వచ్చింది. గుమ్మములోనే ఆగి నేలవైపు చూసింది. "ఏదండీ అయ్యగారూ ఆ వైరు?" అని అడిగింది. ఆ కరెంటు తమ్ముడు ద్వారబంధముపైకి వేలు చూపించాడు. ఆమె తల ఎత్తి చాలాసేపు చూసి, "అంత ఎత్తున పెడితే నాకేం కనబడుతుంది నాయనా" అని నవ్వి, కోడలి చెయ్యి పట్టుకొని లోపలికి వచ్చి కూర్చుంది.