తనిఖీల రోజుల్లో మన తరగతి



ఒక శుక్రవారం గుణింతాలు చెప్పడం అయ్యాక ఒక చిన్న పిల్లాడు నా దగ్గరకు వచ్చి అడిగాడు: "టీచర్, మా ఇకామా అయిపోతే తెలుగు క్లాసుకి కూడా రాకూడదా?" ముందురోజు రాత్రి ఇంట్లో పెద్దవాళ్ళు ఒక వాట్సాప్ మెసేజి గురించి మాట్లాడుకుంటుంటే విన్నాడట. నేను తడబడి, "ముందు హోంవర్కు చూపించు నాన్నా" అని మాట మార్చేశాను. అది సరైన జవాబు కాదు. మీలో ఎవరికైనా అలాంటి ప్రశ్న ఎదురైతే తడబడకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఇక్కడ ఏం జరిగిందో తెలుసుకుందాం. 2013 మార్చిలో సౌదీ ప్రభుత్వం కార్మిక చట్టంలోని 39వ నిబంధనను సవరించింది. ఒక కఫీల్ పేరు మీద వీసా ఉండి, ఇంకొకరి దగ్గర పనిచేసేవారి మీద తనిఖీలు పెరిగాయి. ఈ సెగ బడులకూ తగిలింది. భర్త వీసా మీద వచ్చి ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పే టీచరమ్మలు చాలామంది భయపడి ఇంట్లోనే ఉండిపోయారు. తనిఖీ పిల్లల కోసం కాదు. అయినా టీచరు రాని తరగతిలో కూర్చున్నది పిల్లలే.

ఏప్రిల్‌లో రాజు అబ్దుల్లా మూడు నెలల గడువు ఇచ్చారు. తర్వాత దాన్ని నవంబరు 3 దాకా పొడిగించారు. ఆ గడువులో లక్షమందికి పైగా భారతీయులు స్వదేశం వెళ్ళిపోయారు. పాస్‌పోర్టు చేతిలో లేనివారు ఔట్‌పాస్ కోసం రియాద్ ఎంబసీ దగ్గర, జెడ్డా కాన్సులేట్ దగ్గర బారులు తీరారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల ఊళ్ళల్లో ఆ రోజుల్ని ఇప్పటికీ తలచుకునే ఇళ్ళు ఉన్నాయి. నవంబరు 4 నుంచి దేశమంతటా తనిఖీలు మొదలయ్యాయి.

జనం స్పందన ఒక్క తీరుగా లేదు. "చట్టం చట్టమే, మా పిల్లలకు ఉద్యోగాలు కావాలి" అన్న సౌదీలు ఉన్నారు. పనివాళ్ళు లేక దుకాణాలు, కట్టడాలు ఆగిపోయాయని ఇబ్బంది పడ్డ సౌదీలూ ఉన్నారు. మనవాళ్ళలో కొందరు కాగితాలు సరిచేసుకోవడానికి పరుగులు పెట్టారు, కొందరు గడప దాటలేదు, కొందరు పక్కవాళ్ళ ఫారాలు నింపిపెట్టారు.

2017లో రెండు సంగతులు ఒకేసారి వచ్చాయి. మార్చి 29న 90 రోజుల క్షమాభిక్ష మొదలైంది. జూలై 1 నుంచి కుటుంబ సభ్యులపై రుసుము వచ్చింది: మొదట నెలకు మనిషికి 100 రియాళ్ళు, ఏటా వంద చొప్పున పెరిగి 2020కి 400. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్ళు. ఇది భరించలేక కాగితాలన్నీ సరిగ్గా ఉన్న కుటుంబాలు కూడా ఇండియా వెళ్ళిపోయాయి. పెద్దవాళ్ళకు ఈ రెండూ వేరు వేరు సంగతులు. పిల్లలకు తెలిసేది ఒక్కటే: పక్కన కూర్చునే స్నేహితుడు చెప్పకుండా మాయమయ్యాడు.

ఇప్పుడు దీనికి అమెరికా వార్తలు కూడా తోడయ్యాయి. బడులు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల దగ్గర అరెస్టులకు పరిమితులు పెట్టిన పాత మార్గదర్శకాలను 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఎత్తేసింది. డెన్వర్ నగర పాఠశాలల యంత్రాంగం కోర్టుకెళ్ళింది. కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపడం మానేశారు. డాలస్‌లో ఉన్న పెద్దమ్మ కూతురు ఫోన్లో చెప్పింది విని, ఇక్కడా అంతేనని మన పిల్లలు అనుకుంటారు. అక్కడి చట్టం వేరు. ఇమిగ్రేషన్ కాగితాలు లేవని ప్రభుత్వ బడిలో చదువు నిరాకరించకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఇక్కడ మన ఇండియన్ స్కూల్లో చేరాలంటే చెల్లుబాటయ్యే ఇకామా చూపించాలి. ఒక దేశం సలహాని ఇంకో దేశంలో వాడితే మోసపోతాం.

మరి తరగతిలో మనం చేయాల్సినవి:

1. పిల్లల్ని ఇకామా గురించి, నాన్న ఉద్యోగం గురించి అడగొద్దు. హాజరు పట్టీకి పేరు, వయసు, ఇంటి ఫోన్ నంబరు చాలు.

2. "ఖల్లివెల్లి" అన్న మాట సరదాకైనా తరగతిలో వాడొద్దు. ఆ మాట వాళ్ళ బాబాయి గురించి ఇంట్లో విని వచ్చిన పిల్లలు మన ముందే కూర్చుని ఉండవచ్చు.

3. తనిఖీల మెసేజి వస్తే తల్లిదండ్రుల గ్రూపులో పెట్టకండి. జవాజాత్ లేదా ఎంబసీ ప్రకటన వస్తే అదే పంపండి. సలహా అడిగినవారిని ఎంబసీకి పంపండి. మనం వకీళ్ళం కాము.

4. ఎవరైనా వెళ్ళిపోతున్నారని తెలిస్తే ఆఖరి తరగతిలో పది నిమిషాలు వీడ్కోలుకి కేటాయించండి. చెప్పకుండా వెళ్ళిపోతే, "వాళ్ళ కుటుంబం ఇండియా వెళ్ళింది, మనం ఉత్తరం రాద్దాం" అనండి. కారణాలు ఊహించి చెప్పొద్దు. ఉత్తరం రాయడం ఎలాగూ మన పాఠమే కదా.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇకామా గడువు అబ్షర్‌లో చూసుకుంటూ ఉండండి. రెన్యువల్ చేయించాల్సింది కంపెనీయే అయినా రెండు నెలల ముందే గుర్తు చేయండి. ఆ మాటలు పిల్లలు పడుకున్నాక మాట్లాడుకోండి. వాళ్ళు విన్నారని తెలిస్తే మాత్రం దాచకండి. "ఇది పెద్దవాళ్ళ పని, మేము చూసుకుంటున్నాం. ఏదైనా మారితే ముందు నీకే చెప్తాం" అని చెప్పండి. చెప్పినట్టే చేయండి.

మరుసటి శుక్రవారం ఆ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను: "కాగితాల పని అమ్మానాన్నలది. నీ పని గుణింతాలు. నువ్వు ఎక్కడున్నా నేను నీ టీచర్నే." వాడు కాసేపు ఆలోచించి, "ఇండియాలో ఉన్నా హోంవర్కు ఇస్తారా?" అన్నాడు. ఇస్తానన్నాను.