ఆటయంత్రపు జీర్ణోద్ధరణ

హనుమకొండలోని వేయిస్తంభాల గుడిని కాకతి రుద్రదేవుడు 1163లో నిర్మింపజేశాడు. ఆ గుడి కల్యాణమండపం కాలక్రమంలో కుంగి శిథిలమయింది. 2006 ప్రాంతంలో పురావస్తుశాఖ వారు దానిని రాయి వెంట రాయిగా విప్పి, ప్రతి శిలకు ఒక గుర్తు వేసి, పునాదిని బలపరచి, తరువాతి సంవత్సరాలలో మండపాన్ని తిరిగి నిలిపారు. 2024 మార్చిలో ఆ మండపం సందర్శకుల కొరకు మరల తెరువబడింది. ఏ రాయి ఏ రాయిని మోస్తున్నదో ఎరిగినవారే అట్టి పనికి పూనుకొనగలరు. పాతదానిని బాగుచేయుటలో ఇది మొదటి సూత్రం. ఈ సూత్రం మహామండపాలకే కాదు, అటక మీద దుమ్ముపట్టి ఉన్న ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టెకు కూడా వర్తిస్తుంది. ఆ పెట్టె ఒకనాడు పిల్లలు టీవీకి తగిలించి ఆడుకొన్న వీడియో గేమ్.

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1983లో ఫామికామ్ అనే ఆటయంత్రాన్ని విడుదల చేసింది. దానికి పోటీగా సెగా సంస్థ 1988లో మెగా డ్రైవ్‌ను తెచ్చింది. 1995లో షా వాలెస్ సంస్థ మెగా డ్రైవ్‌ను మనదేశంలో అమ్మకానికి పెట్టింది. దాని వెల 18,000 రూపాయలు. ఆనాటి మధ్యతరగతి కుటుంబానికి అది అందని ద్రాక్షపండు. కావున వరంగల్లు వంటి పట్టణాలలో ఎక్కువమంది పిల్లలకు దక్కినవి ఫామికామ్‌కు నకళ్లుగా తయారైన చవక యంత్రాలే. కొందరికి మాత్రం విదేశాలలోని బంధువులు తెచ్చిన అసలు యంత్రాలు లభించాయి. ఆటలు నిక్షిప్తమైన పలకను పిల్లలు 'క్యాసెట్' అనేవారు. అది పనిచేయకపోతే నోటితో ఊది మరల పెట్టేవారు.

నేడు ఆ పిల్లలు పెద్దవారయ్యారు. పాత యంత్రాన్ని అటక మీది నుండి దించి, గోడకు అమర్చిన పలుచని టీవీకి తగిలించినపుడు వారికి రెండు లోపాలు కనిపిస్తాయి. ఒకటి, బొమ్మ మసకగా ఉంటుంది. రెండు, ఆట మందకొడిగా సాగుతుంది. మొదటిది యంత్రం పాతబడినందున కలిగిన లోపమనీ, రెండవది తమ జ్ఞాపకంలోని భ్రమ అనీ పలువురు అనుకొంటారు. నిజానికి ఈ రెండు లోపాలూ చాలవరకు యంత్రం కొత్తగా ఉన్ననాడే ఉన్నాయి. వాటి కారణాలను తెలుసుకొన్నవారు వాటిని సరిచేయగలుగుతున్నారు.

ముందుగా వేగం సంగతి చూద్దాం. చలనచిత్రంలో వలెనే టీవీలో కూడా కదలిక అనేది వెంటవెంటనే మారే నిశ్చల చిత్రాల పరంపర. ఈ చిత్రాలు సెకనుకు ఎన్నిమారులు మారాలన్నది ఆయా దేశాల విద్యుత్తు ప్రవాహాన్ని అనుసరించి తొలిరోజులలో నిర్ణయమైంది. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులు చేస్తుంది గనుక అక్కడి టీవీ తెర సెకనుకు దాదాపు 60 మారులు నిండుతుంది. జపాన్ కూడా ఆ పద్ధతినే స్వీకరించింది. ఐరోపా దేశాలలోను, మనదేశంలోను విద్యుత్తు 50 ఆవృత్తులది. 1982లో మన దూరదర్శన్ రంగులలో ప్రసారాలు ప్రారంభించినపుడు ఐరోపాలోని పాల్ పద్ధతినే చేపట్టింది. అందువలన మన టీవీ తెర సెకనుకు 50 మారులు నిండేది.

పాత ఆటయంత్రానికి కాలగణన కొరకు వేరే గడియారం లేదు. తెర ఒకమారు నిండిన ప్రతిసారీ ఆటలోని బొమ్మ ఒక అడుగు ముందుకు వేస్తుంది. తెర 60 మారులు నిండే దేశంలో అది సెకనుకు 60 అడుగులు వేస్తే, 50 మారులు నిండే దేశంలో 50 అడుగులే వేస్తుంది. అనగా వేగంలో ఆరవవంతు తగ్గిపోయింది. ఒక నిమిషంలో ముగియవలసిన పరుగు ఒక నిమిషం 12 సెకనులకు ముగుస్తుంది. అనేక ఆటలలో సంగీతం కూడా అదే పాళ్లలో నిదానించింది. కొందరు తయారీదారులు సంగీతాన్ని మాత్రం సరిదిద్ది, ఆటను అట్లే విడిచిపెట్టారు.

ఈ విషయం సంగీత నృత్యాల పరిచయం ఉన్నవారికి సులభంగా బోధపడుతుంది. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతి అయిన జాయప 13వ శతాబ్దిలో నృత్తరత్నావళిని రచించిన నేల ఇది. తాళం అదే అయినా లయ మారితే అనుభవం మారుతుంది. ద్రుతలయలో ఉద్దేశించిన నృత్తాన్ని విలంబంలో ఆడితే అడుగులన్నీ సరిగానే పడతాయి గాని అందులోని ఉద్వేగం ఉండదు. మన పిల్లలు ఆడుకొన్నది ఆ ఆటనే అయినా, దాని సృష్టికర్తలు ఉద్దేశించిన లయలో మాత్రం కాదు. తమ చేతికి వచ్చినది మందగించిన ప్రతి అని వారికి తెలియదు.

మెగా డ్రైవ్‌లో ఈ లోపానికి పరిష్కారం ఆశ్చర్యం కలిగించేటంత చిన్నది. అందులో చిత్రాన్ని రూపొందించే చిప్పు రెండు పద్ధతులలోను పనిచేయగలదు. దాని కాళ్లలో ఒకదానిని అయిదు వోల్టుల విద్యుత్తుకు కలిపితే ఒక పద్ధతి, భూమికి కలిపితే మరొక పద్ధతి అమలులోకి వస్తుంది. ఆ కాలికి ఒక చిన్న స్విచ్చిని అమరిస్తే చాలు, ఆట తన సహజవేగాన్ని అందుకొంటుంది. దీని వలన బొమ్మ కూడా మెరుగుపడుతుంది. ఆటలోని బొమ్మ సాధారణంగా 224 రేఖలతో ఏర్పడుతుంది. పాల్ తెరపై ఒక్కొక్కమారు కనిపించే రేఖలు 288 వరకు ఉంటాయి గనుక పైన, క్రింద నల్లని పట్టీలు మిగిలి బొమ్మ అణగిపోయినట్లు ఉండేది. 60 మారుల పద్ధతిలో కనిపించే రేఖలు సుమారు 240 మాత్రమే. కావున బొమ్మ తెరను నింపుతుంది. గుండ్రనిది గుండ్రంగా కనిపిస్తుంది.

అయితే అన్ని యంత్రాలకు ఈ ఉపాయం చెల్లదు. నింటెండో వారి ఫామికామ్ తరహా యంత్రాలలో ఒక్కొక్క టీవీ పద్ధతికి ఒక్కొక్క ప్రత్యేకమైన చిప్పు ఉంటుంది. వాటిని మార్చనిదే వేగం మారదు. ఒక యంత్రానికి తగిన చికిత్స మరొకదానికి తగదని దీనివలన గ్రహించాలి.

ఇక చిత్రస్పష్టత. మెగా డ్రైవ్ లోపల బొమ్మ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వేరు వేరు సంకేతాలుగా పుడుతుంది. ఆ దశలో అది స్వచ్ఛంగా ఉంటుంది. కాని ఆనాటి టీవీలకు ఒకే తీగ ద్వారా బొమ్మను పంపవలసి వచ్చేది. అందుకొరకు మరొక చిప్పు వెలుగును, రంగును ఒకదానితో ఒకటి కలిపివేసేది. చవక యంత్రాలు ఇంకొక మెట్టు దిగి, ఆ మిశ్రమాన్ని రేడియో తరంగంగా మార్చి యాంటెన్నా రంధ్రం గుండా పంపేవి. టీవీ మరల వాటిని విడదీయవలసి వచ్చేది. కలిపిన పాలను, నీళ్లను విడదీయుట హంసకే సాధ్యమని కవిసమయం. టీవీకి అది పూర్తిగా సాధ్యం కాలేదు. అందుచేత రంగులు అంచులు దాటి ప్రాకేవి, అక్షరాల చుట్టూ నీడలు ఏర్పడేవి.

ఈ కలయిక జరుగక ముందే మూడు రంగుల సంకేతాలను బయటికి తీసుకొనుట స్పష్టతకు మార్గం. మెగా డ్రైవ్ వెనుక ఉన్న గుండ్రని రంధ్రంలోనే ఆ మూడు సంకేతాలూ లభిస్తాయి. తగిన తీగ ఉంటే చాలు. ఫామికామ్ చిప్పు మాత్రం కలిపిన సంకేతాన్నే ఇస్తుంది గనుక దానికి అదనంగా ఒక సర్క్యూట్ పలకను అమర్చాలి. నేటి టీవీలలో ఆ పాత రంధ్రాలు కరువయ్యాయి. అందుచేత యంత్రానికి, టీవీకి నడుమ రేఖలను రెట్టింపు చేసి అంకాత్మక సంకేతంగా మార్చే పరికరాన్ని ఉంచుతారు.

ఇచ్చట ఒక విశేషాన్ని గమనించాలి. 1991లో వచ్చిన సోనిక్ ది హెడ్జ్‌హాగ్ అనే ఆట మొదటి ఘట్టంలో ఒక జలపాతం ఉంది. చిత్రకారులు దానిని సన్నని నిలువు చారలతో గీశారు. మసక తెరపై ఆ చారలు ఒకదానిలో ఒకటి కరిగి, వెనుకనున్న దృశ్యం నీటిగుండా కనిపిస్తున్నదనే భ్రాంతిని కలిగించేవి. స్పష్టమైన తెరపై ఆ భ్రాంతి తొలగి, చారలు చారలుగానే కనిపిస్తాయి. లోపమని మనం భావించినదానిని ఆ చిత్రకారులు తమ కళకు సాధనంగా చేసుకొన్నారన్నమాట. కావున ప్రతి మెరుగుదల కొంత ఇచ్చి, కొంత తీసుకొంటుంది. ఏది పోతున్నదో తెలిసి చేసిన మార్పే వివేకవంతమైనది.

కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, యంత్రపు ప్రధాన చిప్పునే వేగవంతం చేస్తారు. మెగా డ్రైవ్‌లోని మోటరోలా 68000 చిప్పు సుమారు 7.6 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేస్తుంది. దానిని 10 మెగాహెర్ట్జ్ లేదా అంతకు పైన నడిపించినవారు ఉన్నారు. ఇందువలన ఆటలోని బొమ్మల పరుగు పెరుగదు. ఆ పరుగు తెర లయకు కట్టుబడి ఉన్నదని ముందే చెప్పుకొన్నాం. అయితే తెరపై బొమ్మలు కిక్కిరిసినపుడు యంత్రం లెక్కలు తేల్చలేక తడబడుతుంది. సోనిక్ దెబ్బతిని ఉంగరాలు చెల్లాచెదురైనపుడు ఆట నీరసించుట అందుకు ఉదాహరణ. చిప్పు వేగం పెరిగితే ఆ తడబాటు తగ్గుతుంది. పరిమితి మించితే చిప్పు వేడెక్కుతుంది, కొన్ని ఆటలు మధ్యలోనే నిలిచిపోతాయి.

ఈ పనికి పూనుకొనేవారికి కొన్ని జాగ్రత్తలు తప్పవు. అమెరికా యంత్రపు అడాప్టర్ 120 వోల్టులకు తయారైనది. దానిని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. పాత గాజుగొట్టపు టీవీని తెరవరాదు. స్విచ్చి తీసివేసిన తరువాత కూడా అందులో ప్రాణాపాయకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది. సోల్డరింగ్ చేసేటపుడు గదిలోకి గాలి ధారాళంగా రావాలి. అన్నిటికంటె ముఖ్యమైనది, చేసిన మార్పును తిరిగి తీసివేయుటకు వీలుండాలి. పెట్టెను కోసి రంధ్రం చేస్తే అది పూడదు. తీగను అతికిస్తే మరల ఊడదీయవచ్చు. ముందుగా ప్రతి దశను ఫొటో తీసుకొని, విప్పిన ప్రతి మరకు గుర్తు పెట్టుకొనేవాడు మండపపు శిలలకు గుర్తులు వేసినవారి మార్గంలోనే నడుస్తున్నాడు.

ఆ ఆటలనే కంప్యూటర్‌లోను, ఫోన్‌లోను ఆడుకొనగలిగిన ఈ రోజులలో ఇంత శ్రమ ఎందుకని ప్రశ్నించవచ్చు. ఆట మాత్రమే కావలసినవారికి ఆ మార్గం చాలు. కాని పాత యంత్రాన్ని విప్పి చూచినవారికి ఆటతో పాటు మరొక లాభం కలుగుతుంది. మన ఊరి విద్యుత్తుకు, మన టీవీ తెరకు, మన బాల్యపు ఆటకు నడుమ ఉన్న సంబంధం వారికి తెలుస్తుంది. నేటి పరికరాలు చాలవరకు విప్పుటకు వీలులేకుండా అతికించబడి వస్తున్నాయి. చెడిపోతే పారవేయుటే గాని బాగుచేయుట లేదనే భావం బలపడుతున్నది. అట్టి కాలంలో ఒక విద్యార్థి పెద్దల పర్యవేక్షణలో ఒక పాత పెట్టెను విప్పి, దాని లోపాన్ని గుర్తించి, దానికి హాని కలుగకుండా సరిదిద్దగలిగితే అతడు నేర్చినది ఒక ఆటయంత్రపు మరమ్మతు మాత్రమే కాదు. తన చేతిలోని వస్తువు ఎట్లు పనిచేస్తున్నదో అడిగే అధికారం తనకు ఉన్నదని కూడా అతడు నేర్చుకొన్నాడు.

ప్రశ్నలు

1. మనదేశంలో పాత వీడియో ఆటలు నిదానంగా సాగుటకు గల కారణాన్ని వివరించండి.
2. జలపాతపు ఉదాహరణ ద్వారా వ్యాసంలో చెప్పిన విషయాన్ని మీ మాటలలో వ్రాయండి.
3. మండప పునర్నిర్మాణానికి, ఆటయంత్రపు మరమ్మతుకు గల పోలికలను తెలుపండి.