చెరువుల బాటలో సైకిలు ప్రయాణం

దారి ఒకటే అయినా ప్రయాణ సాధనాన్ని బట్టి ప్రయాణికునికి గోచరించే లోకం మారుతుంది. బస్సులో కూర్చున్న వానికి చెట్లు, చేలు, ఊళ్ళు వెనుకకు పరుగెత్తే రంగుల గీతలవలె కనిపిస్తాయి. కాలినడకన పోయేవానికి ప్రతి పొదా, ప్రతి పిట్టా కనిపిస్తాయి కాని పూటంతా నడిచినా రెండు మూడు ఊళ్ళు దాటడం కష్టం. ఈ రెంటికీ నడుమ నిలిచిన సాధనం సైకిలు. గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల వేగంతో సాగే సైకిలు చూడవలసినదాన్ని చూడనిస్తుంది, చేరవలసిన చోటికి చేరుస్తుంది. యంత్రపు రొద లేనందువలన గట్టున వాలిన కొంగ కూడా బెదరదు.

సైకిలుకు మరొక గుణం ఉన్నది. వాహనంలో పోయేవారికి నేల ఎత్తుపల్లాలు అంతగా తెలియవు. తొక్కేవాని కాళ్ళకు మాత్రం ప్రతి చిన్న వాలూ తెలుస్తుంది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. నీటి తరువాత పల్లాన్ని అంత బాగా ఎరిగినవాడు సైకిలు తొక్కేవాడే. అందువలన నీరు ఎక్కడ పుట్టి, ఎక్కడ నిలిచి, ఎక్కడికి పారుతుందో తెలుసుకోగోరే వారికి సైకిలును మించిన సాధనం లేదు. ఇటువంటి ప్రయాణానికి వరంగల్, ములుగు జిల్లాల అడవుల నడుమ కాకతీయుల చెరువులను చేరే ప్రశాంతమైన దారులు మిక్కిలి అనువైనవి.

సైకిలు చరిత్ర సుదీర్ఘమైనది కాదు. జర్మనీ దేశస్థుడైన కార్ల్ ఫాన్ డ్రైస్ 1817లో రెండు చక్రాల కొయ్యబండిని రూపొందించాడు. దానికి తొక్కుడుపలకలు లేవు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవలసినదే. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లే రెండు చక్రాలూ దాదాపు సమాన పరిమాణంలో ఉండి, గొలుసుతో వెనుక చక్రం తిరిగే సైకిలును తయారుచేశాడు. 1888లో డన్లప్ గాలి టైరును రూపొందించడంతో ప్రయాణం సుఖవంతమైనది. నేటి సైకిలు ఆకృతి నాటిదే. ఐక్యరాజ్య సమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినోత్సవంగా ప్రకటించింది.

సైకిలు ప్రయాణానికి దారిని ఎన్నుకోవడంలో వివేకం అవసరం. దగ్గరి దారి అన్నివేళలా మంచి దారి కాదు. లారీలు, బస్సులు ఎడతెగక సాగే జాతీయ రహదారిపై సైకిలు తొక్కడం ప్రమాదం, ప్రయాస. ఊరికీ ఊరికీ నడుమ ఉన్న సన్నని తారుదారులు, చెరువుకట్టల పక్కన సాగే బాటలు, అడవి గుండా పోయే దారులు ఇందుకు తగినవి. వీటిలో వంకరలు ఎక్కువ, దూరమూ ఎక్కువే. అయినా ఆ వంకరలకు కారణం ఉంటుంది. పాతదారులు తరచు గుట్టను చుట్టి, వాగును తక్కువ లోతున్న చోట దాటి, చెరువుకట్టను ఆనుకొని సాగుతాయి. నేల స్వభావాన్ని గుర్తెరిగి ఏర్పడిన దారులవి.

ఓరుగల్లు రాజధానిగా పాలించిన కాకతీయుల కాలంలో చెరువుల నిర్మాణం ఉన్నత స్థితికి చేరింది. తటాకం, దేవాలయం, వనం, అగ్రహారం, నిధి, కృతి, తనయుడు అనే ఏడింటిని మన పూర్వులు సప్తసంతానాలుగా పేర్కొన్నారు. మనిషి మరణించిన తరువాత కూడా అతని పేరును నిలిపేవి ఇవే అని వారి విశ్వాసం. రాజులే కాక మంత్రులు, సేనానులు, సామంతులు కూడా చెరువులు త్రవ్వించి శాసనాలు వేయించారు. 1199 నుండి 1262 వరకు పాలించిన గణపతిదేవుని కాలంలో ఈ ప్రాంతపు పెద్ద చెరువులు కొన్ని రూపుదిద్దుకున్నాయి.

వీటిలో మొదట చెప్పదగినది పాకాల చెరువు. నర్సంపేట నుండి పాకాలకు సుమారు 12 కిలోమీటర్ల దూరం. దారికి ఇరువైపులా మొదట వరిపొలాలు కనిపిస్తాయి. పొలాల నడుమ కాలువలు పారుతూ ఉంటాయి. ఈ నీరు సైకిలు పోయే దిక్కు నుండి ఎదురువస్తున్నదని గమనించిన వానికి తాను చెరువు వైపు, అంటే ఎగువకు పోతున్నానని బోధపడుతుంది. క్రమంగా పొలాలు తగ్గి చెట్లు చిక్కబడతాయి. టేకు, మద్ది, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు దట్టంగా పెరిగిన అడవి అది. చివరకు గుట్టల నడుమ నీటి విస్తీర్ణం కనులముందు పరచుకుంటుంది.

గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి ఈ చెరువును నిర్మింపజేసినట్లు శాసనం తెలుపుతున్నది. రెండు గుట్టల నడుమ వాగుకు అడ్డంగా మైలుకు పైగా పొడవైన కట్ట వేసి నీటిని నిలిపారు. చెరువు వైశాల్యం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. కట్టను సాధ్యమైనంత చిన్నదిగా వేసి, మిగిలిన గట్టు పనిని గుట్టలకే అప్పగించడం ఆనాటి నిర్మాతల నేర్పు. చెరువు నిండి నీరు ఎక్కువైతే అది మత్తడి మీదుగా పొంగి వాగులో కలుస్తుంది. పొలాలకు కావలసిన నీరు తూముల ద్వారా కాలువలలోకి చేరుతుంది. మత్తడి లేని చెరువుకు మొదటి పెద్దవానే ఆపద. తూము లేని చెరువు వలన రైతుకు ప్రయోజనం లేదు. పాకాల చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. చెరువును దాటి కొత్తగూడ వైపు సాగే దారి అడవి గుండా, కోయగూడేల మీదుగా పోతుంది. ఎండాకాలం ఆరంభంలో ఇక్కడ ఇప్పపూలు ఏరేవారు, ఆపై తునికాకు సేకరించేవారు కనిపిస్తారు. అడవి వారికి విహారస్థలం కాదు, జీవనాధారం.

పాకాల నుండి తిరిగి నర్సంపేట చేరి, నల్లబెల్లి, మల్లంపల్లి మీదుగా ములుగు వైపు పోయేవారు తమకు తెలియకుండానే ఒక గొప్ప సరిహద్దును దాటుతారు. పాకాల నుండి బయలుదేరిన నీరు మున్నేరుగా మారి ఖమ్మం మీదుగా ప్రవహించి కృష్ణానదిలో కలుస్తుంది. ములుగు ప్రాంతపు రామప్ప, లక్నవరం చెరువుల నీరు గోదావరికి చేరుతుంది. నడుమ పెద్ద పర్వతమేదీ లేదు. నేల మెల్లగా లేచి, మెల్లగా దిగుతుంది. ఆ కొద్దిపాటి ఎత్తే రెండు మహానదుల నీటిని వేరుచేస్తున్నది. కారులో పోయేవానికి ఈ ఎత్తు కనిపించదు. సైకిలు తొక్కేవాని పిక్కలకు మాత్రం అది తెలియకపోదు. గోదావరి జలాలను రామప్ప చెరువు నుండి పాకాలకు తరలించే ఎత్తిపోతల పనులను ఇటీవలి సంవత్సరాలలో చేపట్టారు. నీరు తనంతట తాను దాటలేని ఆ ఎత్తును దాటించడానికి యంత్రశక్తి అవసరమైనది.

ములుగు దాటిన తరువాత జంగాలపల్లి వద్ద జాతీయ రహదారిని విడిచి ఎడమకు తిరిగితే పాలంపేటకు చేరే దారి వస్తుంది. రహదారి రొద ఒక్కసారిగా తగ్గిపోతుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రుద్రేశ్వరాలయం ఇక్కడనే ఉన్నది. రామప్ప గుడిగా ప్రసిద్ధి పొందిన ఈ ఆలయాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దీని శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేటంత తేలికైనవి. గుడిని చూసి వెనుదిరిగే యాత్రికులలో చాలామంది సమీపంలోని చెరువును చూడకుండానే పోతారు. కాని గుడి, చెరువు ఒకే ఆలోచనకు రెండు రూపాలు. చెరువు ఊరిని నిలిపితే, ఊరు గుడిని నిలిపింది.

మూడవది లక్నవరం. గోవిందరావుపేట మండలంలో చల్వాయి, బుస్సాపూర్‌ల వద్ద రహదారి నుండి కుడికి మళ్ళి కొన్ని కిలోమీటర్లు అడవి అంచున పోతే ఈ చెరువు వస్తుంది. ఇక్కడ గుట్టలే మూడువంతుల పని చేశాయి. గుట్టల నడుమ ఇరుకైన సందులను మాత్రం చిన్న కట్టలతో మూసి విశాలమైన జలాశయాన్ని సాధించారు. నీటి నడుమ చిన్న చిన్న ద్వీపాలు, వాటిని చేరే వేలాడే వంతెన నేడు యాత్రికులను ఆకర్షిస్తున్నాయి.

చెరువు నిర్మాణాన్ని పూర్వులు శాస్త్రంగానే భావించారు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను పేర్కొన్నది. నీరు తక్కువై నేల ఎక్కువగా ఉండడం ఒక దోషం, నీరు ఎక్కువై నేల తక్కువగా ఉండడం మరొక దోషం. కాకతీయుల తరువాతి కాలానిదే అయినా, తెలుగునేల మీద చెరువుల అనుభవం ఎంత పరిణతి పొందినదో ఈ శాసనం చాటుతున్నది.

ఈ ప్రయాణానికి కార్తీకం నుండి మాఘం వరకు అనువైన కాలం. చెరువులు నిండుగా ఉంటాయి, ఎండ తీవ్రత ఉండదు. ఫాల్గుణంలో మోదుగుపూలు అడవికి ఎరుపు దిద్దుతాయి కాని అప్పటికే ఎండ ముదురుతుంది. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రోజులలో ములుగు రహదారి వాహనాలతో క్రిక్కిరిసి ఉంటుంది కనుక ఆ సమయంలో సైకిలు ప్రయాణం తగదు. మూడు చెరువులను ఒకే రోజు చూడాలనే ఆత్రం కూడా మంచిది కాదు. నడుమ వచ్చే జాతీయ రహదారిని బస్సులో దాటి, ఒక్కొక్క చెరువుకు ఒక్కొక్క పూటను కేటాయించడం ఉత్తమం.

యువతీయువకులు ఒంటరిగా కాక జట్టుగా, ఇంట్లో పెద్దలకు దారి తెలిపి బయలుదేరాలి. శిరస్త్రాణం, త్రాగునీరు, గాలిపంపు, పంక్చరు వేసుకొనే సామగ్రి వెంట ఉండాలి. బ్రేకులను, టైర్లను ముందురోజే సరిచూసుకోవాలి. అభయారణ్యంలో అటవీశాఖ నియమాలను పాటించి, పొద్దు వాలకముందే అడవి దారి నుండి బయటపడాలి. తూముల వద్ద, మత్తడి వద్ద నీటిలో దిగరాదు. పైకి నిశ్చలంగా కనిపించే నీరు అక్కడ లోపల వేగంగా లాగుతుంది. కోతులకు తిండి పెట్టడం, ప్లాస్టిక్ సంచులు పారవేయడం అడవికి చేసే అపకారాలు.

ఈ జాగ్రత్తలు ప్రయాణికుని క్షేమానికి సంబంధించినవి. చెరువు క్షేమం అంతకన్న పెద్ద విషయం. అడవి నేల వాననీటిని పీల్చుకొని, తేర్చి, మెల్లగా వాగులోకి వదులుతుంది. చెట్లు కొట్టివేసిన వాలు మీద అదే వాన మట్టిని కోసుకొని చెరువులోకి తెస్తుంది. ఏటేటా పేరుకొనే పూడిక చెరువు లోతును తగ్గిస్తుంది. కట్ట ఎంత బలంగా ఉన్నా పూడిన చెరువు నీటిని నిలపలేదు. 2015లో తెలంగాణలో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకం కింద అనేక చెరువులలో పూడిక తీసి ఆ మట్టిని పొలాలకు తరలించారు. కాని ఎగువన అడవి నిలవకపోతే దిగువన పూడిక తీయడానికి అంతం ఉండదు. దారుల విషయమూ ఇటువంటిదే. వెడల్పు చేయడానికి ఇరువైపుల చెట్లను కొట్టివేసిన మరునాడు ఆ దారిలో నీడ పోతుంది, వేగం పెరుగుతుంది, సైకిలుకు చోటు కరవవుతుంది. బడికి సైకిలు మీద పోయే పల్లె పిల్లలకు, పాలబిందెలతో పోయే రైతుకు ఆ నష్టం యాత్రికుని కన్న ముందే తగులుతుంది.

ఎనిమిది శతాబ్దాల నాటి చెరువులు నేటికీ పంటలు పండిస్తున్నాయంటే కేవలం కట్ట బలం వలన కాదు. ఎగువ అడవి, నడుమ నీరు, దిగువ పొలం ఒకదానినొకటి కాపాడుకున్నందువలననే అది సాధ్యమైనది. ఈ సంబంధాన్ని పుస్తకంలో చదివి గ్రహించవచ్చు. పల్లం నుండి ఎత్తుకు, కాలువ నుండి కట్టకు, కట్ట నుండి అడవికి స్వయంగా తొక్కుకుంటూ పోయినవారికి అది మరపురాని జ్ఞానం. పూర్వులు సప్తసంతానాలలో తటాకాన్నీ వనాన్నీ కూడా ఎందుకు లెక్కించారో వారికి మరొకరు వివరించవలసిన అవసరం ఉండదు.